రిలే పట్టని పాత స్టీరియో యాంప్లిఫయర్: కుడి చానల్ అవుట్‌పుట్‌లో డీసీ

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1990లలో కొన్న స్టీరియో యాంప్లిఫయర్ ఒకటి మా ఇంట్లో ఉంది. చానల్‌కు 40 వాట్ల చొప్పున ఇచ్చే ఈ యాంప్లిఫయర్‌ను పూర్తిగా విడి ట్రాన్సిస్టర్లతోనే కట్టారు. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, రెండు 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక్కో చానల్‌కు ఒక జత చొప్పున 2ఎస్‌సీ3281, 2ఎస్‌ఏ1302 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. స్విచ్ వేసిన నాలుగైదు సెకన్లకు టక్కుమని పట్టవలసిన రిలే (స్పీకర్లను యాంప్లిఫయర్‌కు కలిపే విద్యుత్ స్విచ్), కిందటి వానాకాలం నుంచి ఆలస్యంగా పట్టడం మొదలుపెట్టింది. ముసురు పట్టిన రోజుల్లో ఉదయం పూట వేస్తే పావుగంట దాకా పట్టేది కాదు, ఒకసారి వేడెక్కిన తరువాత మాత్రం రోజంతా చక్కగా పాడేది. ఇప్పుడు అసలు పట్టడమే లేదు. రెండు చానళ్లలోనూ శబ్దం లేదు. ముందు వైపు దీపం వెలుగుతోంది, ఫ్యూజులు బాగానే ఉన్నాయి, కాలిన వాసన కూడా లేదు.

ఊళ్లో ఒక మెకానిక్‌కు చూపిస్తే, మూత తీసి చూసి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నాలుగూ మార్చాలని, అంతకంటే పాత బోర్డు పీకేసి రెడీమేడ్ బోర్డు పెట్టించుకోవడం మేలని చెప్పారు. మీటరు పెట్టి ఏదీ కొలవలేదు కనుక నాకు నమ్మకం కుదరక ఇంటికి తెచ్చేసుకున్నాను. టంకం వేయడం నాకు వచ్చు. డిజిటల్ మల్టీమీటర్ ఉంది, ఆసిల్లోస్కోపు లేదు. సర్క్యూట్ డయాగ్రం ఎక్కడా దొరకలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

టంకం మాస్టారు (విజయవాడ)

వెనక్కి తెచ్చుకుని మంచి పని చేశారు. ఇప్పటికి ఏ భాగమూ మార్చవద్దు, విప్పవద్దు. ఈ రకం యాంప్లిఫయర్లలో రిలే పని స్పీకర్లను కాపాడటం. అవుట్‌పుట్‌లో ఒకటి రెండు వోల్టులకు మించి డీసీ (దిశ మారని నిలకడ వోల్టేజీ) కనిపిస్తే రక్షణ సర్క్యూట్ రిలేను పట్టనివ్వదు. యూపీసీ1237 అనే ఎనిమిది కాళ్ల ఐసీ మీ బోర్డు మీద రిలేకు దగ్గరలో కనిపిస్తే, ఆ పని చేసేది అదే. రెండు చానళ్లకూ కలిపి ఒకటే రిలే ఉంటుంది కాబట్టి, ఒక చానల్ చెడినా రెండూ మూగబోతాయి. అంటే మీ రెండు చానళ్లలో ఒకటి పూర్తి ఆరోగ్యంగా ఉండే అవకాశం చాలా ఎక్కువ. సర్క్యూట్ డయాగ్రం లేకపోయినా ఇక దిగులు లేదు, మంచి చానలే మీకు డయాగ్రం. చెడిన చానల్‌లో కొలిచిన ప్రతి వోల్టేజీనీ మంచి చానల్‌లో అదే చోట కొలిచి పక్కన రాసుకోండి.

కొలతలకు ముందు జాగ్రత్తలు చెబుతాను. స్పీకర్ల వైర్లు రెండు వైపులా పీకేయండి. 230 వోల్టుల 60 వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజు వైరులో వరుసగా కలిపి సిరీస్ బోర్డు ఒకటి కట్టుకోండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్విచ్ వేయగానే కెపాసిటర్లు నిండేటప్పుడు బల్బు ఒక్కసారి వెలిగి, వెంటనే మసకబారితే లోపల షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేసి ఇక్కడ రాయండి.

స్విచ్ ఆపిన తరువాత కూడా ఆ పెద్ద కెపాసిటర్లను నమ్మకూడదు. 35 వోల్టుల దగ్గర ఒక్కొక్కదానిలో దాదాపు 6 జూళ్ల శక్తి నిలవ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు చాలామందికి ఉంది, అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. 100 ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లతో ఐదారు సెకన్లు ఆనించి పట్టుకోండి, తరువాత మీటరుతో చూసుకోండి.

ఇక కొలవవలసిన చోటు. ప్రతి చానల్‌లోనూ రెండు తెల్లటి సిమెంటు రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద 0.22 అని గాని 0.33 అని గాని రాసి ఉంటుంది. ఆ రెండూ కలిసే బిందువే రిలేకు ముందున్న అవుట్‌పుట్. మీటరు నల్ల వైరును గ్రౌండుకు క్లిప్పుతో బిగించి, ఎర్ర మొనతో అక్కడ డీసీ చూడండి. మొన చివర ఒక మిల్లీమీటరు మాత్రం వదిలి మిగతాదంతా స్లీవుతో కప్పండి. పవర్ ఉన్న బోర్డు మీద మొన జారి రెండు కాళ్లను కలిపితే, అంతవరకూ బాగున్న అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఆ క్షణంలోనే పోతుంది.

కోఠి గల్లీ (హైదరాబాద్)

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను, అవే చెడ్డాయని రుజువయ్యే దాకా మార్చవద్దు. 2ఎస్‌సీ3281, 2ఎస్‌ఏ1302 తయారీ ఎప్పుడో ఆగిపోయింది. నేడు ఆ నంబర్లతో కొత్తగా అమ్మేవాటిలో ఎక్కువ భాగం వేరే చిన్న ట్రాన్సిస్టర్ల మీద నంబరు తిరిగి అచ్చు వేసినవే. నిజంగా మార్చవలసి వస్తే 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జత సరిపోతుంది. ఆకారం అదే, కాళ్ల వరుస అదే, వోల్టేజీ పరిమితి 200 బదులు 230. కానీ వీటికి కూడా నకిలీలు విపరీతంగా ఉన్నాయి. గుజరాతీ గల్లీలో ఒకే వరుసలోని దుకాణాల్లో అసలుదీ, నకిలీదీ రెండూ చూశాను. ఒకదాన్ని పగలగొట్టి చూస్తే, నకిలీదానిలో సిలికాన్ ముక్క అసలుదానిలో సగం కూడా ఉండదు. తక్కువ వాల్యూములో పాడుతుంది, నిజంగా కరెంటు లాగవలసి వచ్చినప్పుడు పోతుంది, పోతూ స్పీకర్‌ను కూడా తీసుకుపోతుంది. మీ యంత్రంలో ఇప్పుడు ఉన్నవి అసలువి, వాటిని అంత తేలికగా వదులుకోవద్దు.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

ఇద్దరికీ ధన్యవాదాలు. సిరీస్ బల్బు కట్టాను. స్విచ్ వేయగానే ఒకసారి వెలిగి, రెండు సెకన్లలో ఫిలమెంట్ ఎర్రగా కూడా కనిపించనంతగా తగ్గిపోయింది. బోర్డు మీద ఉన్న ఐసీ, మాస్టారు చెప్పిన యూపీసీ1237 అనేదే. బల్బు ద్వారా సప్లై ప్లస్ 34.2, మైనస్ 34.2 వోల్టులు ఉంది. ఎడమ చానల్ అవుట్‌పుట్‌లో 9 మిల్లీవోల్టులు. కుడి చానల్ అవుట్‌పుట్‌లో ప్లస్ 2.31 వోల్టులు, అది నెమ్మదిగా అటూ ఇటూ కదులుతోంది గాని రెండుకు తగ్గడం లేదు. పవర్ ఆపి, కెపాసిటర్లను ఖాళీ చేసి, నాలుగు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లనూ బోర్డు మీదే డయోడ్ మోడులో చూశాను. బేస్ నుంచి ఎమిటర్‌కూ, కలెక్టర్‌కూ (ఇవి ట్రాన్సిస్టర్ మూడు కాళ్లు) అన్నింటిలోనూ 0.5 నుంచి 0.6 మధ్య వచ్చాయి, షార్టు ఎక్కడా లేదు.

తెలుగు శ్రోత (డాలస్)

ముప్పై ఏళ్ల వయసున్న యంత్రం కనుక, బోర్డు మీద ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ ఒక్క విడతలో మార్చేస్తే సమస్య దానంతట అదే తీరిపోవచ్చునని నా ఆలోచన. ఇక్కడి అభిరుచిపరులు చాలామంది పాత యాంప్లిఫయర్ ఇంటికి రాగానే మొదట చేసే పని అదే.

టంకం మాస్టారు (విజయవాడ)

డాలస్ మిత్రులు చెప్పిన పద్ధతి తప్పని అనను గాని, లోపం ఉన్న యంత్రంలో అది చేయకూడదు. ముప్పై నలభై భాగాలు ఒకేసారి మారిస్తే, కొత్తగా వేసినవాటిలో ఒకటి తిరగబడినా, ఒక ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) లేచిపోయినా, పాత లోపానికి కొత్త లోపం తోడై రెండూ విడదీయలేనంతగా కలిసిపోతాయి. పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే సప్లై మీద ఏసీ మోడులో అలజడి కనిపిస్తుంది, స్పీకర్‌లో 100 హెర్ట్‌జ్ హమ్ వినిపిస్తుంది. డాలస్‌లో అయితే కరెంటు 60 హెర్ట్‌జ్ కనుక అది 120 అవుతుంది. శ్రోత గారి ఫిర్యాదులో హమ్ మాటే లేదు.

శ్రోత గారూ, మీ కొలత చాలా విలువైనది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే అక్కడ దాదాపు పూర్తి 34 వోల్టులు కనిపించేవి. 2.31 వోల్టుల దగ్గర నిలబడిందంటే, లోపలి ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు సరిదిద్దే ఏర్పాటు) ఇంకా పని చేస్తూనే ఉంది, ఎవరో దాన్ని తప్పుదారి పట్టిస్తున్నారు. బోర్డులో ఇన్‌పుట్ వైపు పక్కపక్కనే ఉన్న రెండు చిన్న ట్రాన్సిస్టర్ల జతను వెతకండి. ఒకదాని బేస్‌కు ఇన్‌పుట్ సంకేతం వస్తుంది, దాని నుంచి గ్రౌండుకు ఒక రెసిస్టర్ ఉంటుంది. రెండోదాని బేస్‌కు అవుట్‌పుట్ నుంచి ఒక రెసిస్టర్ వస్తుంది, అదే బేస్ నుంచి గ్రౌండుకు చిన్న రెసిస్టర్, దానికి వరుసలో ఒక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటాయి. ఆ నాలుగు భాగాల విలువలూ, రెండు బేసుల వోల్టేజీలూ రెండు చానళ్లలోనూ చెప్పండి. ట్రాన్సిస్టర్ కాళ్ల మీద మొన పెట్టవద్దు, ఆ బేస్‌కు కలిసిన రెసిస్టర్ కాలు మీద పెట్టండి.

సాగరతీరం (విశాఖపట్నం)

ఆ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ మీదే నాకు అనుమానం. అది షార్టయితే డీసీకి కూడా పూర్తి గెయిన్ (సంకేతాన్ని పెంచే రెట్లు) వస్తుంది, ఇన్‌పుట్ దగ్గరి కొద్ది మిల్లీవోల్టులే అవుట్‌పుట్‌లో వోల్టులవుతాయి. దాని ఒక కాలు లేపి చూస్తే తేలిపోదా?

టంకం మాస్టారు (విజయవాడ)

అనుమానం న్యాయమైనదే. కానీ కాలు లేపి పవర్ ఇవ్వవద్దు. అప్పుడు గెయిన్ ఒకటికి పడిపోతుంది, అంత తక్కువ గెయిన్‌లో ఈ యాంప్లిఫయర్లు స్థిరంగా నిలవకపోవచ్చు, మనకు వినిపించని పౌనఃపున్యంలో ఊగిపోయి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను వేడెక్కిస్తాయి. టంకం ముట్టకుండానే తేల్చుకునే దారి ఉంది. ఆ కెపాసిటర్‌కు వరుసలో ఉన్న చిన్న రెసిస్టర్ రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. కెపాసిటర్ లీకవుతుంటే కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోక తప్పదు, కాబట్టి అక్కడ వోల్టేజీ కనిపిస్తుంది. సున్నా వస్తే కెపాసిటర్ నిర్దోషి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

విలువలు రెండు చానళ్లలోనూ ఒకటే. ఇన్‌పుట్ బేస్ నుంచి గ్రౌండుకు 47 కిలో ఓములు, అవుట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్ బేస్‌కు 33 కిలో ఓములు, గ్రౌండు వైపు 1 కిలో ఓము, దానికి వరుసలో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఎడమ చానల్‌లో రెండు బేసులూ 21 మిల్లీవోల్టుల దగ్గర ఉన్నాయి. కుడి చానల్‌లో ఇన్‌పుట్ బేస్ 23, ఫీడ్‌బ్యాక్ బేస్ 20. మాస్టారు చెప్పిన 1 కిలో ఓము రెసిస్టర్ మీద మీటరు 0.0 చూపించింది. 33 కిలో ఓముల రెసిస్టర్‌ను పవర్ ఆపి ఒక కాలు లేపి కొలిస్తే 33.1 వచ్చింది, తిరిగి టంకం వేసేశాను.

టంకం మాస్టారు (విజయవాడ)

ఇక లెక్క వేద్దాం. ఆ 33 కిలో ఓముల రెసిస్టర్ ఒక చివర 2.31 వోల్టులు, రెండో చివర 0.02 వోల్టులు. దాని గుండా దాదాపు 70 మైక్రో ఆంపియర్లు బేస్ వైపు పోతున్నాయి. ఆ కరెంటు 1 కిలో ఓము దారిన పోవడం లేదు, పోతే అక్కడ 70 మిల్లీవోల్టులు కనిపించేవి. ట్రాన్సిస్టర్ బేస్‌కు కావలసినది మహా అయితే ఒకటి రెండు మైక్రో ఆంపియర్లు, పైగా మీ బేసులు రెండూ ప్లస్ మిల్లీవోల్టుల్లో ఉన్నాయి కనుక అవి పీఎన్‌పీ రకం, వాటి బేస్ కరెంటు బయటికే వస్తుంది. మరి ఈ 70 మైక్రో ఆంపియర్లు ఎటు పోతున్నాయి? ఆ బిందువు నుంచి మైనస్ సప్లైకి ఎక్కడో దారి ఉండాలి. 34.2 వోల్టులను 70 మైక్రో ఆంపియర్లతో భాగిస్తే సుమారు 490 కిలో ఓములు. డయాగ్రంలో లేని 490 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి మీ బోర్డు మీద పుట్టింది.

ఇద్దరే అనుమానితులు. ఒకటి, ఫీడ్‌బ్యాక్ వైపు ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ నుంచి బేస్‌కు లీకేజీ. రెండు, బోర్డు ఉపరితలం మీద తేమ గాని, మురికి గాని. వీటిని విడదీయడం కష్టం కాదు. సిలికాన్‌లో లీకేజీ వేడికి పెరుగుతుంది, బోర్డు మీద తేమ వేడికి ఆరిపోయి లీకేజీ తగ్గుతుంది. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ ఉంటే, తక్కువ వేడి మీద పెట్టి, ఆ ప్రాంతంపై రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి, అవుట్‌పుట్ డీసీ ఎటు కదులుతుందో చూడండి. ముసురు రోజుల్లో రిలే ఆలస్యంగా పట్టేదని, వేడెక్కాక బాగుండేదని మీరు మొదట్లోనే రాశారు. నాకు ఆ వాక్యం అప్పటి నుంచీ మనసులో మెదులుతూనే ఉంది.

సాగరతీరం (విశాఖపట్నం)

మాస్టారి లెక్క చూశాక నాకు వెంటనే జిగురు గుర్తుకు వచ్చింది. ఆ కాలంలో రవాణాలో కదలకుండా ఉండటానికి పెద్ద భాగాల మొదళ్లలో రబ్బరు జాతి జిగురు పోసేవారు. కొత్తలో అది మీగడ రంగులో ఉండి కరెంటును ఏ మాత్రం పోనివ్వదు. ఏళ్ల తరబడి వేడి తగిలి గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరిగినప్పుడు తేమను పీల్చుకుంటుంది, కరెంటును పోనిస్తుంది, తాకిన లోహాన్ని తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో ఇలాంటివి చాలా చూశాను. శ్రోత గారూ, టార్చి వేసి ఆ కెపాసిటర్ మొదట్లో చూడండి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

డ్రయర్ గాలి తగిలిన కొద్దిసేపటికే 2.31 వోల్టులు దిగడం మొదలై 1.4 దగ్గర ఆగింది, ఆ దారిలో ఎక్కడో రిలే టక్కుమని పట్టింది. అంతకాలం తరువాత ఆ శబ్దం వినగానే కలిగిన సంతోషం చెప్పలేను.

పవర్ ఆపి, భూతద్దంతో చూశాను. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మొదలు చుట్టూ ముదురు గోధుమ రంగు జిగురు ముద్ద ఉంది. పైన గట్టిగా, మెరుస్తూ ఉన్నా, అంచుల్లో పొడిపొడిగా రాలుతోంది. ఆ ముద్ద ఒక వైపు 33 కిలో ఓముల రెసిస్టర్ కాలును కప్పేసి, రెండో వైపు దానికి మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న తీగ జంపర్ (బోర్డు మీద రెండు చోట్లను కలిపే ముక్క తీగ) మీదికి పాకింది. ఆ జంపర్ ఎక్కడికి పోతుందో మీటరు పెట్టి చూస్తే, మైనస్ సప్లై లైను. జిగురు కింద ఉన్న భాగంలో జంపర్ తీగ పచ్చగా చిలుము పట్టి, సగం మందానికి అరిగిపోయి ఉంది.

కోఠి గల్లీ (హైదరాబాద్)

దొరికింది కదా. తీసేటప్పుడు లోహపు పనిముట్లు వాడవద్దు, ట్రాక్‌లు గీరుకుపోతాయి. వెదురు పుల్లను ఉలి మొనలా చెక్కి, జిగురును డ్రయర్‌తో కొంచెం మెత్తబరిచి, పొరలు పొరలుగా లేపండి. మిగిలిన మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. అసిటోన్ వాడితే కెపాసిటర్ పై తొడుగూ, కొన్ని రకాల ప్లాస్టిక్కూ దెబ్బతినవచ్చు. ఆ కెపాసిటర్‌ను తీసి, కింద కూడా శుభ్రం చేసి, కొత్తది వేసేయండి. 100 మైక్రోఫారడ్, 50 వోల్టులు, చార ఉన్న మైనస్ వైపు చూసుకుని. చిలుము పట్టిన జంపర్‌ను పూర్తిగా తీసి కొత్త తగరపు పూత తీగ వేయండి. 33 కిలో ఓముల రెసిస్టర్ విలువ బాగున్నా కాలు తినేసి ఉంటే అదీ మార్చండి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

అన్నీ చెప్పినట్టే చేశాను. జంపర్‌ను పట్టకారుతో పట్టుకుని లాగగానే జిగురు ఉన్న చోటే రెండుగా తెగింది, ఇంకొన్నాళ్లు పోతే తనంతట తానే తెగేది. సిరీస్ బల్బు మీద కుడి చానల్ అవుట్‌పుట్ ఇప్పుడు 11 మిల్లీవోల్టులు. రిలే ఐదో సెకనుకు పడుతోంది. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చినా అదే. అయితే అరగంట ఉంచితే కుడి వైపు హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ల వేడిని లాగే లోహపు దిమ్మ) చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది, ఎడమది గోరువెచ్చగానే ఉంది. పాటేమీ పెట్టలేదు, స్పీకర్లు కూడా కలపలేదు.

టంకం మాస్టారు (విజయవాడ)

ఇది వేరే లోపం, స్పీకర్లు కలపకముందే బయటపడటం మన అదృష్టం. ఏ పాటా లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా ప్రవహించే కరెంటును బయాస్ అంటాం. సిమెంటు రెసిస్టర్ ఒక్కొక్కదాని మీద మిల్లీవోల్టులు కొలిచి, రెసిస్టర్ విలువతో భాగిస్తే అది తెలుస్తుంది. రెండు చానళ్లవీ చెప్పండి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

రెసిస్టర్లు 0.22 ఓములవి. ఎడమ 9.8 మిల్లీవోల్టులు, కుడి 31 మిల్లీవోల్టులు. బోర్డును వేలితో తట్టితే కుడి వైపు అంకె ఎగిరి పడుతోంది.

టంకం మాస్టారు (విజయవాడ)

ఎడమ 45 మిల్లీ ఆంపియర్లు, కుడి 141. నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు రెండు సప్లైల మధ్య 70 వోల్టులు అనుకుంటే ఎడమ వైపు 3 వాట్లు, కుడి వైపు 10 వాట్లు ఊరికే వేడిగా పోతున్నాయి. తట్టితే ఎగురుతోంది కనుక దోషం బయాస్ ప్రీసెట్‌దే (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న రెసిస్టర్). హీట్‌సింక్‌కు ఆనించి ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల బేసుల మధ్య వోల్టేజీని నిలబెడుతుంది, ప్రీసెట్ దాన్ని సర్దుతుంది. ప్రీసెట్ ఆ చిన్న ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య ఉంటే, లోపలి కదిలే మొన ఆక్సీకరణమై నిరోధం పెరిగిన కొద్దీ బయాస్ కూడా పెరుగుతుంది. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఉంటే, అదే లోపానికి బయాస్ తగ్గుతుంది. రెండోది మేలైన అమరిక, కానీ మీ యంత్రం మొదటి రకం అయి ఉండాలి. అదే విలువ గల మూసి ఉన్న రకం ప్రీసెట్ వేయండి. పవర్ ఇచ్చే ముందు దాన్ని అతి తక్కువ బయాస్ వచ్చే కొసకు తిప్పి ఉంచండి, మొదటి రకంలో నిరోధం అతి తక్కువగా ఉండే కొసే అది, పవర్ ఇచ్చే ముందే మీటరుతో కొలిచి తేల్చుకోండి. సిరీస్ బల్బు మీద మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచి, మూత దాదాపు మూసి ఇరవై నిమిషాలు ఉంచి, తరువాత 10 మిల్లీవోల్టులకు సర్దండి. ఆ చిన్న ట్రాన్సిస్టర్ కింద హీట్‌సింక్ పేస్టు ఎండి పొడి అయి ఉంటే తుడిచి కొత్తది రాయండి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

కొత్త ప్రీసెట్ వేసి, ఇరవై నిమిషాల తరువాత 10 మిల్లీవోల్టులకు సర్దాను. గంట గడిచాక 10.3, తట్టినా కదలడం లేదు. రెండు హీట్‌సింకులూ ఇప్పుడు సమానంగా గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఒక పాత చిన్న స్పీకర్‌తో చూసి, తరువాతే అసలు స్పీకర్లు కలిపాను. కుడి చానల్ తక్కువ వాల్యూములో బొంగురుగా, మఫ్లరు కట్టినట్టు వినిపిస్తుంది, వాల్యూము ఒకసారి పెంచి తగ్గిస్తే బాగుపడుతుంది.

సాగరతీరం (విశాఖపట్నం)

అది రిలే కాంటాక్టుల మీది నల్లటి పొర. గట్టి సంకేతం వెళ్లినప్పుడు ఆ పొర చిట్లి దారి ఇస్తుంది, అందుకే అలా అనిపిస్తుంది. గరుకు కాగితంతో గీకవద్దు, కాంటాక్టుల పూత పోతుంది. కాయిల్ వోల్టేజీ, కాళ్ల అమరిక చూసుకుని కొత్త రిలే వేసేయండి. ఈ యంత్రాల్లో ఎక్కువగా 24 వోల్టుల, రెండు జతల కాంటాక్టుల రిలేలే ఉంటాయి.

ఇంకొక మాట. ఎడమ చానల్‌లో అదే కెపాసిటర్ మొదట్లో అదే జిగురు ఉండి ఉంటుంది. ఇప్పుడు 9 మిల్లీవోల్టులే చూపిస్తున్నా, మూత ఎలాగూ తీసి ఉంది కనుక అదీ చూడండి.

గోదావరి శ్రోత (రాజమహేంద్రవరం)

రిలే మీద 24 వోల్టులు అనే ఉంది, కొత్తది వేశాను. కుడి వైపు బొంగురు పోయింది. సాగరతీరం గారు చెప్పినట్టే ఎడమ వైపు కూడా జిగురు ఉంది, రంగు ఇంకా తేనె రంగులోనే ఉంది గాని జంపర్‌ను తాకే అంచు నల్లబడటం మొదలైంది. ఈ రోజు వెదురు పుల్లతో అదంతా తీసి, ఆ జంపర్ కూడా మార్చి, రెండు చానళ్ల కొలతలూ ఒక కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించాను. తరువాత ఎవరు విప్పినా వారికి పనికి వస్తాయి.